దాపటి చోటు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. నేను ఆదోని డిపోలో కండక్టర్ని. మా డ్రైవర్లలో సగం మందికి ఏదో ఒక మలుపు దగ్గర తెల్లచీర ఆడమనిషి చెయ్యెత్తి బస్సు ఆపిన అనుభవం ఉంది. "ఆపినప్పుడు ఎక్కించుకోవాల్సిందన్నా, టికెట్టు నేను కొట్టేదాన్ని కదా" అంటాను. వాళ్ళకు కోపం వస్తుంది. ఖాళీ బస్సులు, కరెంటు లేని బస్టాండ్లు అన్నీ చూశాను. మనుషులకు భయపడ్డాను గానీ ఇంకదేనికీ భయపడలేదు.

మా నాయన విషయంలో జరిగింది రాయమని తమ్ముడు చాలా రోజులుగా అంటున్నాడు. నలుగురూ నవ్వుతారని రాయలేదు. ఇప్పుడు నవ్వినా పర్వాలేదనిపిస్తోంది. చూసింది చూసినట్టు, ఉప్పూకారం అద్దకుండా రాస్తున్నాను.

మా నాయన పేరు ఈరన్న. పెద్దకడుబూరు మండలంలో మెట్టభూముల ఊరు మాది. పత్తి, వేరుశెనగ వేస్తాం. ఊరంతా ట్రాక్టర్లకు మారిపోయినా ఆయన మాత్రం ఎద్దుల్ని వదల్లేదు. ఎర్రగా ఉండేదాన్ని కెంచోడు అని, తెల్లదాన్ని మల్లోడు అని పిలిచేవాడు. నన్నూ తమ్ముడు నాగరాజునూ ఒకరి పేరుతో ఒకరిని పిలిచిన రోజులున్నాయి గానీ, వాటి పేర్లు మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఎద్దుల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కాడికి ఎడమ పక్కన కట్టేదాన్ని మా వైపు దాపటెద్దు అంటారు, కుడి పక్కన కట్టేదాన్ని ఎలపటెద్దు అంటారు. పనికి అలవాటు చేసేటప్పుడు ఏ పక్కన కడితే, బతికినంతకాలం దానికి ఆ పక్కే. పక్క మార్చి కడితే అడుగు వెయ్యదు. కాడి దించి నీళ్ళకు వదిలినా అదే వరసలో నడుస్తాయి. మల్లోడిది దాపట, కెంచోడిది ఎలపట. వాగుకు పోయేటప్పుడు వెనక నుంచి చూస్తే ఎడమ పక్క తెలుపు, కుడి పక్క ఎరుపు. ఆ వరస మారగా నేను చూడలేదు.

ఒక ఏడు పత్తిలో గుంటక తోలుతూ నాయన సాళ్ళ మధ్యే పడిపోయాడు. ఎద్దులు రెండూ కదలకుండా నిలబడ్డాయి కాబట్టి సరిపోయింది. కలుపు తీసేవాళ్ళు నీళ్ళు చల్లితే లేచి కూర్చుని, ఎండదెబ్బ అన్నాడు. ఆ తర్వాత ఇంట్లోంచి కొట్టం దాకా పోవాలన్నా మధ్యలో గోడ పట్టుకుని నిలబడేవాడు. ఎదలో ఎవరో బిగబట్టినట్టుందనేవాడు. బీడీలు మానమంటే మాట మార్చేవాడు.

అప్పుడే మల్లోణ్ణి అమ్మాల్సి వచ్చింది. సేద్యం నాగరాజు ట్రాక్టరుతో చేయిస్తున్నాడు. జతను మేపడం అమ్మ ఒక్కదాని వల్ల కాలేదు. ఎమ్మిగనూరు సంతలో ఒక మనిషి దాపటెద్దు కోసమే వెతుకుతున్నాడని ఎవరో చెప్పారు. ఆయన దాపటెద్దు చచ్చిపోయిందట, ఎలపటది ఇంట్లో ఉందట. పక్క చూసి కొనేవాడు సేద్యగాడే అయివుంటాడని నాయన ఒప్పుకున్నాడు. తానే సంతకు పోయి, తాడు తానే ఆ మనిషి చేతిలో పెట్టి వచ్చాడు. ఆ మనిషి ముస్లిం. తనది ఏటి పక్క ఊరు అన్నాడట. ఊరి పేరు నాయనకు గుర్తులేదు.

రెండు రోజులు కూడా గడవకముందే టీ అంగడి దగ్గర మాటలు మొదలయ్యాయి. "కొన్నది సాయిబు గదప్పా, ఇంగ నీ ఎద్దు యాడుంటాది" అన్నాడొకడు. సంతలో బేరగాళ్ళంతా అట్లాగే సేద్యానికని చెప్పి కొంటారని ఇంకొకడు అన్నాడు. నాయన ఆ మాటకు తలెత్తి, "సాయిబును యాల అంటావురా, తాడు ఇచ్చినోన్ని నేను గదా" అని ఇంటికి వచ్చేశాడు. ఆ పూట సంగటి ముట్టలేదు. నాగరాజు ఏటి పక్క ఊళ్ళలో ఒకట్రెండు చోట్ల అడిగి చూశాడు. ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పటినుంచి నాయనకు ఒకటే దిగులు. మల్లోడు బతికుండాడా, కోతకు పోయినాడా? ఎమ్మిగనూరు నుంచి వచ్చినవాళ్ళనల్లా అడిగేవాడు. నేను డ్యూటీ దిగి ఊరికి పోతే, తిన్నావా అని అడగకముందే, "రోడ్డు పక్కన యాడన్నా కనపడినాడామ్మా?" అని అడిగేవాడు. నాకు విసుగొచ్చేది. ఊపిరి ఆడక మంచంలో కూర్చునే నిద్రపోతున్న మనిషికి ఎద్దు దిగులేమిటని కసిరాను కూడా.

చివరికి ఆదోనిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఎద మీద స్టెతస్కోపు పెట్టి, తీయకుండా చాలాసేపు విన్నాడు. తర్వాత ఎకో తీయించాడు. గుండెలోంచి ఒళ్ళంతటికీ రక్తం పోయే దారిలో ఒక వాల్వు ఉంటుందని, నాయనకు అది సున్నం కట్టినట్టు గట్టిపడి సరిగ్గా తెరుచుకోవడం లేదని చెప్పాడు. మందులతో నయం కాదు, వాల్వు మార్చాల్సిందే, ఆలస్యం చేస్తే ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేనన్నాడు. కర్నూలులో చూపిస్తే అదే మాట చెప్పి హైదరాబాదుకు పంపారు.

హైదరాబాదులో రెండు దారులు చెప్పారు. ఒకటి, ఎద కోసి పాత వాల్వు తీసేసి కొత్తది కుట్టడం. రెండోది, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపి, ముడిచిపెట్టిన కొత్త వాల్వును పాతదాని లోపలే విప్పడం. బీడీలతో నాయన ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయి. ఎద కోస్తే తట్టుకోలేడని రెండో దారే ఖాయం చేశారు.

డాక్టరు బల్లమీద ఒక నమూనా ఉంది. చిన్న లోహపు వల, దాని లోపల తెల్లటి పలుచని పొర. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "లోపలి గుడ్డ దేంతో సేసినారప్పా?" అని అడిగాడు. ఆ డాక్టరు మర్యాదస్తుడు, దాచలేదు. పశువు గుండె చుట్టూ ఉండే పొరతో చేస్తారని చెప్పాడు.

ఇక ఈయన లేచి బయటికి పోతాడనుకున్నాను. నాయన లేవలేదు. నమూనాను ఇంకొంచెంసేపు చూసి, "ఏ ఎద్దుది?" అన్నాడు.

డాక్టరు నవ్వాడు. ఎక్కడో పరదేశంలో పెంచిన పశువులవని, ఎప్పుడో తయారైపోయి మందుల్లో నానబెట్టి డబ్బాల్లో వచ్చినవని ఓపిగ్గా చెప్పాడు. నాయన తల ఊపాడు. బయటికి వచ్చాక వరండాలో బెంచీమీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయప్పకు ఏం తెలుసమ్మా. అది మన మల్లోడిది."

"నాయనా, నీకు మతి పోయిందా? అది వాళ్ళ దేశందని ఇప్పుడే గదా సెప్పినాడు."

"సెప్తాడు. ఆయప్ప సూసినాడా?" అన్నాడు. తర్వాత తలగుడ్డ విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "సంపినారమ్మా వాన్ని. సంపినా వాడు ఇంగ యాడికీ పోల్యా. నా కాడికే వస్తాండాడు."

ఆసుపత్రి వరండాలో అందరూ చూస్తుండగా మా నాయన ఏడ్చాడు. అంతకుముందు ఆయన ఏడవడం నేను చూడలేదు. అది మల్లోడిది కాదని ఇంకోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎద్దు కష్టం తిని బతికిన మనిషి, గుండెలో ఏదో ఒక ఎద్దును పెట్టుకోవాల్సి వస్తే, అది తన ఎద్దే అనుకోవడంలో తప్పేముందిలే అనుకున్నాను.

వాల్వు పెట్టడం బాగా జరిగింది. ఎద మీద కత్తిగాటు లేదు, తొడ దగ్గర చిన్న పట్టీ మాత్రమే. మెలకువ వచ్చాక, "ఎద మింద నుంచి బండ దించినట్టుండాది" అన్నాడు. చాలా నెలల తర్వాత ఆయన వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. ఆ నిద్రను చూస్తూ నేను పక్కనే కూర్చున్నాను.

ఇక్కడిదాకా ఎవరింట్లోనైనా జరిగేదే. ఆ తర్వాత జరిగింది చెబుతాను.

మల్లోణ్ణి అమ్మేశాక కెంచోడు పాడైపోయాడు. కొన్నాళ్ళు ఎడమ పక్కకు తల తిప్పి అరిచాడు. ఆ తర్వాత అదీ మానేసి, పక్కా లేదు వరసా లేదు, ఎటు పడితే అటు పోయేవాడు. మనిషి దగ్గరికి వస్తే కొమ్ము విసిరేవాడు. అమ్మ మేత కూడా దూరం నుంచే వేసేది. నాయన్ను కూడా దగ్గరికి రానివ్వలేదు. అమ్మినందుకు తనమీద కోపమని నాయన అనేవాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆటో వాకిట్లో ఆగింది. మధ్యాహ్నం, మంచి వెలుతురు. నేనూ నాగరాజూ నాయన్ను చెరోవైపు పట్టుకుని దించాం. కెంచోడు కొట్టం ముందు కట్టేసి ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, ఒక్క గుంజు గుంజితే తాడు కట్టిన గూటం ఊడి వచ్చింది. పొడుస్తాడని నేను అరిచాను. నాగరాజు కర్ర కోసం వెతికాడు.

కెంచోడు నాయన ముందుకు వచ్చి ఆగాడు. ఎద దగ్గర ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూశాడు. తర్వాత పక్కనుంచి తిరిగి వచ్చి, నాయనకు కుడి పక్కన, ఆయన ముఖం ఎటుంటే అటే ముఖం పెట్టి నిలబడ్డాడు. కుడిచెయ్యి పట్టుకున్న నాగరాజును భుజంతో పక్కకు నెట్టాడు. మెడ కొంచెం వంచాడు. ఎద్దులున్న ఇళ్ళవాళ్ళకు తెలుస్తుంది, అది కాడి ఎత్తించుకోవడానికి వంచే మెడ.

నాయన కదిలితే కదిలాడు, ఆగితే ఆగాడు. ఇంటి గడప దాకా అట్లాగే వచ్చి అక్కడ నిలబడిపోయాడు. నాయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. ముఖం వెలిగిపోతోంది.

నేను అంత సులభంగా నమ్మే రకం కాదు. లెక్క తేలని చోట ఊరుకోవడం నా ఉద్యోగంలోనే లేదు. మందుల వాసనకు అట్లా చేస్తున్నాడనుకున్నాను. నాయన చొక్కా, తలగుడ్డ నాగరాజుకు వేసి కొట్టం ముందు నడిపించాను. కెంచోడు తల ఎత్తలేదు. నాయనకు తలంటు పోయించి, ఉతికిన బట్టలు వేయించి నడిపించాను. వచ్చి కుడి పక్కన చేరాడు. నాయన్ను ఉన్నచోటే వెనక్కి తిరగమన్నాను. ఎడమ పక్క మిగిలిపోయిన కెంచోడు చుట్టూ తిరిగి మళ్ళీ కుడి పక్కకే వచ్చాడు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. చివరికి అమ్మ, "వాన్ని యాల సతాయిస్తావే, సెకింగు నీ బస్సులో సేసుకో" అని నన్ను తిట్టింది.

అమ్మ ఈ సంగతిని తన పద్ధతిలో వాడుకుంది. "మూగజీవాన్ని గుండెలో పెట్టుకోని దాని ముఖాన పొగ ఊదేది మర్యాదేనా?" అని అడిగింది ఒకరోజు. డాక్టర్లంతా చెప్పినా మానని మనిషి ఆ రోజుతో బీడీ కట్ట కిందపడేశాడు. ఆ విషయంలో నేను కూడా మల్లోడి పక్కనే మాట్లాడాను.

ఆ తర్వాత నాయన బాగా తిరిగాడు. పొద్దున్నే చేనికి పోయేవాడు, కుడి పక్కన కెంచోడు, తాడు లేకుండా. ఊరంతా చూసింది. టీ అంగడివాళ్ళు కూడా చూసి నోళ్ళు మూసుకున్నారు. ఇంత దూరం నడుస్తున్నావు, ఆయాసం రావడం లేదా అని అడిగితే, "సగం బరువు వాడు మోస్తాండాడు గదమ్మా" అనేవాడు. ఆయన మల్లోడి కోసం బాధపడటం మానలేదు. ఒక్కోసారి ఎద మీద చెయ్యి పెట్టుకుని, "నొప్పి పెట్టినారో ఏమో వాన్ని" అని ఊరికే అనేవాడు. కానీ ఎక్కడున్నాడో అని అడగడం మానేశాడు. ఎక్కడున్నాడో ఆయనకు తెలుసనుకున్నాడు.

పరీక్షలకు హైదరాబాదు పోయినప్పుడు డాక్టరుకు ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వకుండా విన్నాడు. వాల్వు పొరలో ప్రాణం ఉండదని, వాసన ఉండదని, ఉన్నా గుండె లోపలినుంచి బయటికి రాదని చెప్పాడు. పశువుల సంగతి తనకు తెలియదన్నాడు. వాల్వు మాత్రం చక్కగా పనిచేస్తోందన్నాడు.

మరుసటి ఎండాకాలం నాయనకు జ్వరం వచ్చింది. దగ్గు పట్టుకుంది, అది ఊపిరితిత్తులకు దిగింది. ఆదోనిలో ఆసుపత్రిలో చేర్చాం. మొదట తేరుకుంటున్నట్టే అనిపించింది. ఇడ్లీ తిన్నాడు. కెంచోడికి నీళ్ళు పెట్టారా అని అడిగాడు. అమ్మ నా దగ్గరే ఉంది. నాగరాజు ఇంటి దగ్గర ఉన్నాడు.

ఒకరోజు ఎండ బాగా ఎక్కాక నాయనకు ఆయాసం ఎక్కువైంది. నర్సులు పరిగెత్తారు. నన్నూ అమ్మనూ బయట నిలబెట్టారు. అప్పుడు నా ఫోను మోగింది. నాగరాజు.

"అక్కా, కెంచోడికి ఏమో అయింది. దాపట పక్క ముందుకాలు మడిసి కూలబడినాడు. మెడ ఎడమకి వాలిపోయింది, ఎత్తలేకపోతాండాడు. కాడి మింద ఉన్నెట్లే ఉండాడక్కా, కాడేమో యాడా లేదు."

కాడికి కట్టిన జతలో ఒకటి కూలిపోతే కాడి ఆ పక్కకు ఒరిగి రెండోదాని మెడను కిందికి లాగుతుంది. చిన్నప్పుడు ఒకసారి చేనులో చూశాను. నాగరాజు ఫోనులో ఇంకా మాట్లాడుతుండగానే డాక్టరు బయటికి వచ్చాడు. ఆయన ముఖం చూసి అమ్మ గోడకు ఆనుకుని కిందికి జారింది.

ఏది ముందో ఏది తర్వాతో నేను చెప్పగలను. ఇంటినుంచి ఫోను ముందు వచ్చింది. నాయన పోయాడని మాకు తర్వాత తెలిసింది. నాగరాజుకు ఇంకా తర్వాత తెలిసింది.

ఊపిరితిత్తులు చెడిపోయాయి గానీ వాల్వు చివరిదాకా బాగానే పనిచేసిందని డాక్టరు చెప్పాడు. ఓదార్పుకే అని ఉంటాడు. నాకు ఆ మాట వినగానే ఏడుపు ఆగలేదు.

నాయన్ను వాకిట్లో దించేదాకా కెంచోడు లేవలేదు. నాగరాజు పశువుల డాక్టరును పిలిపించి కాలూ మెడా చూపించాడు. ఎక్కడా దెబ్బ లేదు, బెణుకు లేదన్నాడాయన. నాయన్ను మంచం మీద పడుకోబెట్టిన తర్వాత తనంతట తానే లేచి నిలబడ్డాడు. చేను గట్టు పక్కన పూడ్చిపెట్టాం. కెంచోడు అంతదూరం మా వెంట వచ్చి, మట్టి కప్పేదాకా దూరంగా నిలబడి చూశాడు.

నిజం చెప్పాలంటే అప్పటికి నేను నమ్మేశాను. బయటికి ఒప్పుకోలేదు గానీ, మల్లోడు చచ్చి నాయన గుండెలోకి వచ్చాడని, కెంచోడు తన జతను గుర్తుపట్టాడని లోపల అనుకున్నాను. అట్లా అనుకుంటే అన్నీ సరిపోయాయి. దుఃఖంలో ఏదో ఒక లెక్క సరిపోవడం కూడా హాయిగానే ఉంటుంది.

వానలు మొదలయ్యే ముందు నాకు ఎమ్మిగనూరు నుంచి నందవరం మీదుగా పోయే బస్సుకు డ్యూటీ పడింది. ఒక ఊరి దగ్గర ఉల్లిగడ్డ సంచులు దించుతూ బస్సు ఆలస్యమైంది. కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన ఎద్దుల బండి. దాపట పక్క తెల్ల ఎద్దు. ఎడమ చెవికి చీలిక, గంగడోలు మీద నల్ల మచ్చ, అచ్చం మల్లోడికి ఉన్నట్టే.

నా నోట్లోంచి "మల్లోడా" అని వచ్చింది. ఎద్దు చెవులు నిక్కబొడిచింది.

బస్సు దిగి పరిగెత్తాను. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. బండి మీదున్న మనిషి కిందికి దిగాడు. పేరు బాషా. సంతలో నాయన దగ్గర కొన్నది ఆయనే.

"పెద్దాయన కూతురువా? ఆయన బాగుండాడా అక్కా? దాపటే కట్టప్పా, ఎలపట కడితే నడవడు అని ఎన్నిసార్లు సెప్పినాడో. తాడు ఇచ్చి మళ్ళా ఎనక్కి వచ్చి సెప్పినాడు. ఆయన సెప్పినట్లే ఇంతవరకూ దాపటే కడతాండాను."

నాయన పోయాడని చెప్పాను. బాషా టోపీ సరిచేసుకుని పెదాలతోనే ఏదో చదువుకున్నాడు. నేను మల్లోడి మెడ పట్టుకుని రోడ్డు మీదే ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. బతికుండి, మేత తిని, బలిసి, ఇక్కడ బండి లాగుతున్నాడు. వీడు చచ్చాడనే కదా మా నాయన అంతగా కుమిలిపోయాడు! ఊరికే ఏడ్చావు కదా నాయనా, వీడికి ఏమీ కాలేదు కదా నాయనా అని ఆయనతో చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి ఆయన లేడు.

బస్సులో కూర్చున్నాక ఇంకో సంగతి తోచింది. మల్లోడు చావలేదు. అయితే కెంచోడు ఇన్నాళ్ళూ ఎవరి పక్కన నడిచాడు? దయ్యం అనుకుందామన్నా చచ్చినవాళ్ళు ఎవరూ లేరు. సరిపోయిందనుకున్న లెక్క మొత్తం తప్పైపోయింది.

ఏరువాక పున్నమికి బాషా మల్లోణ్ణి చిన్న లారీలో ఎక్కించుకుని మా ఊరికి తెచ్చాడు. ఒక్కపూట కెంచోడికి చూపించమని నేనే అడిగాను. ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అమ్మ రెండు ఎద్దులకూ కొమ్ములకు రంగు వేసింది, పసుపు కుంకుమ పెట్టింది. టీ అంగడివాళ్ళు కూడా వచ్చారు. అప్పుడు మాటలన్న ఆ మనిషే బాషాకు టీ గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

కెంచోడు మల్లోణ్ణి గుర్తుపట్టాడు. అందులో అనుమానం లేదు. ఇద్దరూ మెడలు రాసుకున్నారు. కెంచోడు వాడి ముఖమంతా నాకాడు. నాగరాజు కళ్ళు తుడుచుకుంటూ, "జతగా నిలబెడదామక్కా" అని మల్లోణ్ణి తీసుకుపోయి కెంచోడికి ఎడమ పక్కన నిలబెట్టాడు.

కెంచోడు కుడికి జరిగాడు. నాగరాజు మల్లోణ్ణి దగ్గరికి తోశాడు. కెంచోడు మళ్ళీ జరిగాడు. కోపంగా కాదు, కొమ్ము విసరలేదు. చోటు వదిలి జరిగాడు. మూడోసారి తోయబోతే మల్లోడే కాళ్ళు బిగించి ఆగిపోయాడు. నాయనకు వాల్వు పెట్టాక వాడు ఆయన్ను చూడనైనా లేదు. సంతలో తాడు చేతులు మారాక మా వాకిలి తొక్కడం అదే మొదలు.

రెండూ ఒకే వైపు ముఖం పెట్టి నిలబడ్డాయి. కుడి పక్క కెంచోడు, ఎడమ పక్క మల్లోడు, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. తాళ్ళు వదిలేసినా కదల్లేదు. ఇద్దరూ మెడలు వంచారు. నాగరాజు ఇంకోసారి ముందుకు పోబోయాడు.

అమ్మ వాడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "అడ్డం పోవద్దురా. ఆయన్ని నిలబడనీ" అంది.

నేను చూశాను. ఆ సందులో నాకు ఎవరూ కనిపించలేదు. నేల, పేడ, ఎండ, అంతే. ఎందుకట్లా నిలబడ్డాయో అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ళతో నేను వాదిస్తూనే ఉన్నాను. కానీ కాసేపటికి బాషాకు నీళ్ళు తెచ్చివ్వడానికి నేను వాకిలి దాటి ఇంట్లోకి పోవాల్సి వచ్చింది. దగ్గరి దారి ఆ రెండు ఎద్దుల మధ్యలోంచే ఉంది. నేను కొట్టం వెనక నుంచి చుట్టూ తిరిగి పోయాను.